మగ్గానికి చెప్పిన గుట్టు

తిరుపతి,
12 ఆగస్టు 2024

మురుగేష్ మామకు భువన నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. హాస్టల్ సాంబారు సంగతి చెప్పలేను, అది క్షేమంగా ఉన్న రోజు నేనింకా చూడలేదు. అవ్వకు, అత్తకు నా మాటగా చెప్పు.

ఫోను వద్దు, ఉత్తరమే రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. మరమగ్గాల మోతలో ఫోను వినపడదన్నది సగం కారణమేనని నాకు తెలుసు. "ఫోన్లో అబద్దం సెప్తే గొంతు పట్టిస్తాది, కాయితం పట్టియ్యదు" అని నువ్వు అత్తతో అంటుంటే విన్నాను. ఎలాగూ గోవిందు వ్యాను తువ్వాళ్ళ మూటలతో నగరి నుంచి ఇక్కడి అంగడికి వస్తూనే ఉంటుంది. ఇక మనకు పోస్టాఫీసుతో పనేముంది?

ఎం.ఏ. రెండో ఏడు మొదలైంది. నవల పేపరు మోహన మేడం చెబుతున్నారు. ఆమె పాఠం చెప్పేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, పెరేడ్‌లో నిలబడినట్టు నిలబడతారు. గంట మోగేదాకా ఆ చేతులు ముందుకు రావు. బోర్డు మీద ఏదైనా రాయాలంటే మాలో ఒకరిని పిలిచి రాయిస్తారు. ఆమెది ఏ ఊరో ఎవరికీ తెలియదు. మాట మాత్రం రేడియో వార్తల్లా శుభ్రంగా ఉంటుంది.

ఆమె మాతో ఇప్పుడొక నవల చదివిస్తున్నారు. నది మధ్య లంకలో ఉండే పెద్ద కుటుంబం, అందులో ఇందీవర అనే పిల్ల. మామా, ఆ ఇంట్లో వాన మొదలైతే ఒక ఆచారం, వెలిస్తే ఇంకొకటి. ఇందీవరకు పన్ను ఊడితే ముత్తయిదువులంతా చేరి పాట పాడి, ఆ పన్నును పసుపుగుడ్డలో చుట్టి నదిలో వదులుతారు. నా పన్ను ఊడినప్పుడు నువ్వు దాన్ని కప్పు మీదికి విసిరావు. అది రేకు మీద జారి మళ్ళీ నా నెత్తినే పడింది. మన సంస్కృతి అంతవరకే.

ఇదంతా ఎందుకంటే, మేడం ఒక వ్యాసం రాయమన్నారు. ఆ నవలను పక్కన పెట్టుకుని మన ఇంటి గురించి రాయాలి, మనమెవరో తేల్చాలి. బాగా రాసినవాళ్ళు నవంబరులో చిత్తూరు సదస్సులో చదువుతారు. నాకు ఆ సదస్సు కావాలి. చిన్నప్పటి నుంచి అవ్వ ఇంట్లోనే పెరిగాను కాబట్టి రాస్తే మీ గురించే రాయాలి. కాగితం ముందు పెట్టుకుంటే ఏమీ తోచడం లేదు. నేనెవరు మామా? వంటింట్లో అరవం, వీధిలో తెలుగు. తిరుపతిలో నన్ను అరవమ్మాయి అంటారు. సరిహద్దు దాటి తిరుత్తణికి పోతే తెలుగుపిల్ల వచ్చింది అంటారు. మగ్గాల మోతకు అలవాటైన గొంతుతో మామూలుగా మాట్లాడితే పోట్లాటకు వచ్చాననుకుని పక్కగదివాళ్ళు తలుపు తీసి చూస్తున్నారు. మొన్న మెస్సులో టీ కావాలని, సైగలతో మాట్లాడుకునే మన షెడ్డులో మాదిరి బొటనవేలు పెదవి దగ్గర పెట్టి చూపించాను. మందు అడుగుతున్నాననుకుని వార్డెనమ్మ నన్ను గదిలోకి పిలిచి అరగంట బుద్ధి చెప్పింది. నా రూమ్మేటు పవిత్ర పలమనేరు పిల్ల, ఇంట్లో ఆవులున్నాయి. ఆవు ఈనితే చేసే తతంగమే ఆరు పేజీలు రాసింది.

మనకూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అవ్వను అడిగి రాయి మామా. చిన్నదైనా సరే.

నీ మేనకోడలు,
భువనేశ్వరి


నగరి,
16 ఆగస్టు 2024

చిరంజీవి భువనకు మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం గోవిందు తమలపాకుల సంచిలో వచ్చింది. ఒక మూల సున్నం అంటుకుని సాంబారు గురించి రాసిన చోట సగం పోయింది. పోయినా నష్టం లేదు, హాస్టల్ సాంబారు గురించి లోకానికి కొత్తగా తెలియవలసింది లేదు.

అవ్వకు చదివి వినిపించాను. ఆ నవల ఇంటి సంగతి విని "ఇన్నేసి ఆచారాలు సేస్తా కూసుంటే ఆ ఇంట్లో పనెప్పుడు సేస్తారబ్బా?" అంది. ఆ ఇందీవర ఎక్కడన్నా కడుపునిండా తిన్నట్టు రాసినారా అని కూడా కనుక్కోమంది. చూసి చెప్పు, అవ్వకు దిగులుగా ఉంది.

ఇక నువ్వడిగిన సంగతి. మనకు ఏమీ లేదని ఎవరు చెప్పారు? నువ్వు చిన్నదానివని ఇన్నాళ్ళు నీ చెవిన వేయలేదు. మన ఇళ్ళలో 'గుట్టు చెప్పడం' అని ఒకటుంది. మగ్గానికి నిలువు పోగులు చుట్టిన కొత్త పడుగు బీము ఎక్కించిన రోజున ఇంటి ఆడమనిషి బొట్టు పెట్టుకుని, మగ్గం నడుస్తుండగా వంగి, మనసులో దాచుకున్న మాట ఒకటి దానికి చెప్పాలి. మోతలో ఎవరికీ వినపడదు. మగ్గం ఆ మాటను నూలులో కలిపి నేస్తుంది. ఆ తువ్వాలుతో మొదట మొహం తుడుచుకున్నవాడికి ఆ గుట్టు కలలో వస్తుంది. ఎవరిదో తెలియదు, ఏ ఊరో తెలియదు. అందుకే నగరి తువ్వాళ్ళు కొన్నవాళ్ళు పొద్దున లేచి ఊరికే నవ్వుకుంటూ ఉంటారు.

అవ్వను అడిగితే అవునని చెప్పదు, కాదని చెప్పదు. చెప్పకపోవడం కూడా ఆచారంలో భాగమే. ఇక నీ ఇష్టం, నమ్మినవాడికి నమ్మినంత.

మీ అత్త కారప్పొడి పంపుతోంది. గోవిందు దారిలో వడమాలపేట దగ్గర ఇడ్లీ తింటాడు, కాబట్టి పొట్లం విప్పి ఉంటే ఆశ్చర్యపడవద్దు.

మామ,
మురుగేష్


తిరుపతి,
29 ఆగస్టు 2024

మామా, నీకు వెయ్యి నమస్కారాలు. అవ్వకు ఇంకో వెయ్యి.

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నానికి కూడా లేవలేదు. ఇన్నేళ్ళు ఆ మగ్గాల పక్కనే హోంవర్కు చేసుకున్నాను. నా వెనకాల ఇంత జరుగుతుంటే తల ఎత్తి చూడలేదు కదా అని సిగ్గేసింది. వెంటనే వ్యాసం మొదలుపెట్టాను. మొదట మన షెడ్డు మోత గురించి ఒక పేజీ, ఆ తర్వాత తొమ్మిది పేజీలు గుట్టు చెప్పడం గురించే. అవ్వ తన పెళ్ళయిన కొత్తలో ఏ గుట్టు చెప్పి ఉంటుందో ఊహించి రాశాను. ఇందీవర పన్ను ఇక నా ముందు ఏ మూలకు?

నిన్న మేడం వ్యాసాలు తిరిగిచ్చారు. నా మొదటి పేజీ అంచున ఎర్రసిరాతో "ఇన్నాళ్ళకు నీ గొంతు వినపడింది" అని రాశారు. మామా, నేను ఏడ్చాను. పోయినేడంతా నా వ్యాసాల మీద 'బాగుంది, కానీ ఎవరు రాసినా ఇలాగే రాస్తారు' అని రాసేవారు. పవిత్ర ఆవుకు కూడా 'బాగుంది' అని మాత్రమే వచ్చింది.

అసలు సంగతి ఇది. మేడం నన్ను పిలిచి, కొత్త బీము ఎప్పుడు ఎక్కిస్తారు, చూడటానికి రావచ్చా అని అడిగారు. నేను ఎగిరి గంతేసి సరేనన్నాను. చూశాకే సదస్సుకు ఎవరు వెళ్ళాలో చెబుతారట. తేదీ రాసి పంపు.

అవ్వ దిగులు తీర్చు. నవల మొత్తం వెతికాను. ఇందీవర ఎక్కడా కడుపునిండా తినలేదు.

మీ భువన


నగరి,
31 ఆగస్టు 2024

భువనా,

నీకు బుద్ధి ఉందా అని రాయబోయి, ముందు నన్ను నేను అడిగి చూసుకున్నాను. లేదని తేలింది.

గుట్టు లేదు, గుడ్డ లేదు. అంతా నా కోతలు. కప్పు మీదికి విసిరిన పన్ను నెత్తిన పడిన సంగతి గుర్తుపెట్టుకున్న పిల్లవు, దాన్ని విసిరిన మనిషి ఎలాంటివాడో గుర్తుపెట్టుకోలేదా? తువ్వాలులో కల వస్తుందన్నప్పుడైనా నవ్వుతావనుకున్నాను. కొత్త బీము ఎక్కించే రోజు పాత పోగులకు కొత్త పోగులు అతికే సరికే నడుములు విరుగుతాయి. గుట్టు చెప్పే తీరిక ఎవరికుంది? పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతాము, అంతే. అది దేశంలో అందరూ చేసేదే.

అవ్వకు చెప్పక తప్పలేదు. "ఎగతాళి సేసేదానికి దాని సదువే దొరికినాదా నీకు?" అని మధ్యాహ్నం నాకు మజ్జిగ పోయలేదు.

అయినా భయపడకు. మేడమ్మ గారు వస్తే రానీ. వచ్చే నెల పదిహేనో తారీఖు ఆదివారం బీము ఎక్కుతుంది. ఆ రోజు ఆచారం ఉన్నట్టే జరిపిస్తాను. మన వీధి నాటకంలో మూడేళ్ళు నారదుడి వేషం కట్టినవాణ్ణి, ఒక పూట ఆచారం నడపలేనా?

మామ


తిరుపతి,
3 సెప్టెంబరు 2024

మామా,

నా గొంతు అని మేడం మెచ్చుకున్నది నీ కోతలు. దీనికంటే నాకు సున్నా వచ్చినా బాగుండేది. నాకంటూ ఏమీ లేదని మొదటి ఉత్తరంలో రాశాను. ఇప్పుడు నాకున్న ఒక్కటీ అబద్ధమని తేలింది.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు మేడం గది దాకా పోయాను. ఒకసారి తలుపు మూసి ఉంది. రెండోసారి తీసే ఉంది, నేనే వెనక్కి వచ్చాను. నీ తారీఖు చెబితే తల ఊపి, "నువ్వు రావద్దు. రాసినవాళ్ళు పక్కన కూర్చుంటే చదవడం కుదరదు" అన్నారు. ఇక ఏం చేస్తావో నువ్వే చెయ్యి. అవ్వ చేత మాత్రం ఎక్కువ అబద్ధాలు ఆడించవద్దు. ఆమెకు చేతకాదు.

భువనేశ్వరి


నగరి,
16 సెప్టెంబరు 2024

మేనకోడలికి మామ విజయం రాసి పంపేది.

ముందుగా ఒక మాట. నువ్వు ఊపిరి పీల్చుకోవచ్చు. మేడమ్మ గారు వచ్చారు, చూశారు, నమ్మారు, పోయారు.

కారులో వస్తారనుకుని వీధి మొదట్లో నిలబడ్డాను. ఆమె బస్సు దిగి, ఎవరినీ దారి అడగకుండా మోత ఎటు వినపడితే అటు నడిచి నేరుగా గుమ్మంలోకి వచ్చారు. నేను వేసిన ఎత్తు ఏమిటంటే, మగ్గాలు ఒక్క క్షణం కూడా ఆపకూడదు. మోత ఉంటే ప్రశ్నలుండవు. మాటవరసకు మాత్రం "ఆపమంటారా మేడం?" అని చెవి దగ్గర అరిచాను. వద్దని తల ఊపారు. గడప మీద నిలబడి కాసేపు కళ్ళు మూసుకున్నారు. పాపం, అలవాటు లేని మోతకు తల తిరిగిందనుకుని మగ్గానికి అవతల, కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

అవ్వ పొద్దున దాకా ఒప్పుకోలేదు. "అబద్దం ఆడేదానికి నేనేమన్నా నాటకాలదాన్నా?" అంది. బీము ఎక్కి, మగ్గం కదిలేసరికి ఏమనుకుందో, కొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చింది. పసుపు పెట్టింది, కుంకుమ పెట్టింది, వంగింది. ఏదో ఒక ముక్క గొణిగి లేస్తుందనుకున్నాను. చాలాసేపు చెప్పింది. నేను వెనకాల కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాను, ఆమె పెదాలు నాకు కనపడలేదు. లేచేసరికి కళ్ళు తుడుచుకుంటోంది. మూడేళ్ళు నారదుడినైన నేను కూడా అంత బాగా నటించలేదు.

మేడమ్మ తల వంచుకుని పుస్తకంలో రాసుకుంటుంటే, నేను మీ అత్త వైపు తిరిగి అరచేయి నెత్తిన పెట్టుకుని చూపించాను. మన షెడ్డు సైగ నీకు తెలుసు కదా, మేడమ్మకు టోపీ పడిందని. మీ అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

వెళ్ళేముందు మేడమ్మ ఇడ్లీ తిన్నారు, కారప్పొడి అడిగి వేయించుకున్నారు. రెండు టీలు తాగారు. రెండో టీ ఎందుకిచ్చావని మీ అత్తను అడిగితే "అడిగిందిగా" అంటుంది. నేను పక్కనే ఉన్నాను, ఆమె నోరు విప్పిందే లేదు. మీ అత్తకు కంగారులో లేనిపోనివి వినపడుతున్నట్టుంది.

నాకున్న దిగులల్లా ఒక్కటే. మగ్గానికి ఏం చెప్పావని అవ్వను నిన్నటి నుంచి అడుగుతున్నాను. "గుట్టు సెప్తే గుట్టెట్లయితాది? నువ్వేగా రాసినావు" అంటోంది. నా ఆచారం నాకే అడ్డం తిరిగింది.

సదస్సుకు చీర కావాలంటే రాయి.

మామ,
మురుగేష్


తిరుపతి,
19 సెప్టెంబరు 2024

మామా,

నెత్తిన చెయ్యి పెట్టి చూసుకో. టోపీ అక్కడే ఉంది.

నిన్న మేడం గదికి పిలిచారు. తలుపు వేసి, కూర్చోమని, నా ఎదురుగా కూర్చున్నారు. ఎప్పుడూ వీపు వెనకాల ఉండే ఆ చేతుల్లో ఒకటి పైకి లేచింది. అరచేయి నెత్తిన పెట్టుకున్నారు. ఆ పైన రెండు వేళ్ళు కత్తెరలా ఆడించారు. పోగు తెగిందని. నువ్వు పక్క మగ్గం నుంచి నాకు చూపిస్తావే, అచ్చం అలాగే.

మేడంది మన పక్క నారాయణవనమే, మామా. వాళ్ళింట్లో నాలుగు మగ్గాలుండేవట. అత్తకు లేనిపోనివి వినపడలేదు. టీ అడిగింది మేడమే, బొటనవేలితో. ఆమె మోతకు తల తిరిగి కళ్ళు మూసుకోలేదు. అమ్మానాన్నలు పోయి, మగ్గాలు పాతయినుముకు పోయాక మళ్ళీ ఆ మోత వినలేదట. నా వ్యాసం చదవగానే గుట్టు చెప్పడం కట్టుకథని తెలిసిపోయింది. తెలిసీ నగరికి వచ్చింది ఆ మోత కోసం.

ఇప్పుడు గట్టిగా కూర్చో. నువ్వు ఆమెను కూర్చోబెట్టింది మగ్గానికి అవతల, అంటే అవ్వ మొహానికి ఎదురుగా. మోతలో పుట్టి పెరిగినవాళ్ళకు చెవులెందుకు? అవ్వ పెదాల మీద ప్రతి మాటా మేడం చదివేశారు. అవ్వ ఏం చెప్పిందో నాకు కూడా చెప్పారు, గొంతుతో కాదు. ఆ గదిలో ఫ్యాను తప్ప ఏ మోతా లేదు. అయినా పెదాలు మాత్రం కదిపి చూపించారు. నేను చదివాను. అవ్వ అన్నది ఇది:

"తల్లీ, మా మురుగేసు నోటికొచ్చింది రాసినాడు, ఆ పాప నమ్మింది. ఈ మేడమ్మకు తెలిస్తే పాప నవ్వులపాలైతాది. నాకు అచ్చరం రాదు. దాన్ని సదివిచ్చింది నేను కాదు, నువ్వే నేసి సదివిచ్చినావు. ఈ ఒక్కటీ దాసి పెట్టమ్మా."

ఎవరికి తెలియకూడదని చెప్పిందో, ఆ మనిషి ఎదుటే కూర్చుని చదివింది. మేడం ముందు ఏడవకూడదని ఫ్యాను వైపు చూశాను. ఆమె ఏమన్నారో తెలుసా? "మీ మామ కల్పించిన దాంట్లో ఆమె ఒక్కతే అబద్ధం ఆడలేదు. ఆ రోజు నేను చూసింది నిజమైన ఆచారమే. నేను చూస్తుండగానే మొదలైంది."

ఆ మెప్పు అవ్వకే, నాకు కాదు. సదస్సుకు పవిత్ర పోతోంది, ఆవును వెంటబెట్టుకుని. నా వ్యాసం చింపేశారు, ఒక్క మొదటి పేజీ తప్ప. ఆ ఎర్రసిరా మాట ఏ వాక్యం పక్కన రాశానో చూశావా అని అడిగారు. నేను చూడలేదు. అది గుట్టు గురించిన పేజీల పక్కన కాదు. షెడ్డు మోత గురించి నేను ఊరికే మొదలుపెట్టడానికి రాసుకున్న వాక్యం పక్కన: "మా ఇంట్లో మాట చెవికి రాదు, కంటికి వస్తుంది."

"అక్కడి నుంచి మళ్ళీ రాయి. మార్కులుండవు, సదస్సు ఉండదు. నేను చదువుతాను" అన్నారు.

వచ్చేటప్పుడు ధైర్యం చేసి అడిగాను, చేతులు ఎందుకలా కట్టుకుంటారని. ఉద్యోగంలో చేరిన కొత్తలో చేతులు ఆడిస్తూ పాఠం చెబుతుంటే, పాఠమా, దోమలు తోలడమా అని ఎవరో నవ్వారట. ఆ రోజు వెనక్కి పోయిన చేతులు మళ్ళీ ముందుకు రాలేదు.

భువన


నగరి,
22 సెప్టెంబరు 2024

భువనా,

నీ ఉత్తరం పైకి చదవడం మొదలుపెట్టి, మేడమ్మ నారాయణవనం దగ్గరికి వచ్చేసరికి కాగితం కింద పెట్టేశాను. మిగతాది మీ అత్త కూడబలుక్కుని చదివింది. అవ్వ మాట వచ్చిన చోట ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూడలేదు.

నీ సదస్సు పోగొట్టింది నేనే. క్షమించమని రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఎగతాళిగా రాయడం నాకు సులభం, ఇది చేతకావడం లేదు. కాబట్టి ఇంతే రాస్తున్నాను: తప్పయింది.

అవ్వకు మాత్రం నా తప్పు మీద కంటే మేడమ్మ ఊరి మీదే ధ్యాస. "అయితే మనోళ్ళ పిల్లే. ముందే సెప్పుంటే చింతపులుసు సేసుందును గదా" అని రెండు రోజులుగా నా ప్రాణం తీస్తోంది. గోవిందు చేతికి మురుకుల డబ్బా ఇచ్చాము, అది మేడమ్మకు. నీకు లేవు. అవ్వ ఆజ్ఞ.

మామ


తిరుపతి,
14 అక్టోబరు 2024

మామకు, అవ్వకు, అత్తకు,

మురుకులు మేడంకు చేరాయి. డబ్బా సగమే నిండి ఉంది. గోవిందును అడగకండి, అతను వడమాలపేట వైపు చూపిస్తాడు.

మామా, నీ తప్పు సంగతి ఇక వదిలెయ్. నువ్వు నాకు అబద్ధం రాసి ఉండకపోతే నేను పవిత్ర ఆవును చూసి ఏడుస్తూ ఉండేదాన్ని. మళ్ళీ రాశాను. ఇరవై పేజీలైంది. షావుకారు వచ్చాడని నువ్వు చూపించే మీసం సైగ, అత్త నూలు కండె మార్చుతూ కళ్ళతోనే నన్ను తిట్టడం, అక్షరం రాని అవ్వ ఆ మోతలో నడివీధి దాకా అందరి మాటలూ చదివేయడం, అన్నీ పెట్టాను. వార్డెనమ్మ ఇచ్చిన ఉపన్యాసం కూడా పెట్టాను.

నవల మళ్ళీ చదివాను. ఈసారి అసూయ కలగలేదు. ఇందీవరకు తన పన్ను కథ గొప్పదని తెలియదు. ఆమె దృష్టిలో అది నొప్పి, అంతే. గొప్పగా అనిపించింది చదివే నాకు. మన ఇల్లు నాకు అలాగే ఉండింది. మేడం వచ్చి మనల్ని చదివి చూపించేదాకా మనలో చదవడానికి ఏముందో నాకు తెలియలేదు. ఇప్పుడు నన్ను ఎవరైనా అరవమా తెలుగా అని అడిగితే, మోతలో పుట్టినదాన్ని అని చెబుతున్నాను. వాళ్ళకు అర్థం కావడం లేదు. నాకవుతోంది.

మేడం వ్యాసం ఒక వారం దగ్గర పెట్టుకుని తిరిగిచ్చారు. చివరి పేజీ మీద ఒక్క మాటే ఉంది: "పోగు తెగిందనడానికి మా ఊళ్ళో ఎడమచేయి వాడతాము. కుడిచేతిలో కండె ఉంటుంది కదా. మీ నగరివాళ్ళకు ఈ తెలివి లేదు."

నిన్న క్లాసులో ఒక వాక్యం వివరిస్తూ ఆమె చేతులు ముందుకు తెచ్చారు. తెచ్చిన సంగతి ఆమె గమనించలేదు. మేమంతా గమనించాము. ఎవరూ నవ్వలేదు. పాఠం మొదటిసారి మంచి వేగంగా నడిచింది.

దీపావళికి వస్తాను. నాకు మురుకులు కావాలి.

భువన


నగరి,
20 అక్టోబరు 2024

చిరంజీవి భువనకు,

నీ ఉత్తరం అందరికీ వినిపించాను. నగరివాళ్ళకు తెలివి లేదన్న మాట దగ్గర అవ్వ నవ్వి, ఎడమచేత్తో రెండుసార్లు ఆడించి చూసుకుని "ఔనబ్బా, ఇదే బాగుండాది" అంది. అప్పటి నుంచి ఇంట్లో అందరం ఎడమచేత్తోనే. మీ మేడమ్మకు చెప్పు, నారాయణవనం గెలిచింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. తిరుపతి నుంచి పెద్ద చదువుల మేడమ్మ మన ఇంటి ఆచారం చూడడానికి వచ్చిందని వీధంతా పాకింది. పక్కింటి మునిలక్ష్మి మొన్న కొత్త బీము ఎక్కించి, బొట్టు పెట్టుకుని, దాని మగ్గానికి ఏదో చెప్పింది. ఆ వెనకే ఎదురింటివాళ్ళు. ఇప్పుడు ఏ ఇంట్లో బీము ఎక్కినా ఆ ఇంటి మగాడు పని ఉన్నట్టు కిటికీ దగ్గర తచ్చాడుతున్నాడు, పెళ్ళాం పెదాలు కనపడతాయేమోనని. ఆడవాళ్ళేమో కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. కొంగు అడ్డం పెట్టుకోవాలని నేను రాయలేదు, అది వాళ్ళే కలిపారు. ఇంకో పదేళ్ళకు ఎవడో నవల రాస్తే అందులో ఇది అనాదిగా వస్తున్న ఆచారమని ఉంటుంది.

ఈ ఆచారానికి దొరక్కుండా తప్పించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. నిన్న మన మూడో మగ్గానికి బీము ఎక్కింది. మీ అత్త బజారుకు పోయింది. అవ్వ పడుకుని ఉందనుకున్నాను. చుట్టూ చూసి, ఎవరూ లేరని, మగ్గం మీదికి వంగి నేను కూడా ఒక మాట చెప్పాను. మగవాడు చెప్పకూడదని నేనెక్కడా రాయలేదు కదా. చెప్పి తలెత్తితే మగ్గానికి అవతల, కిటికీ పక్కన, మీ మేడమ్మ కూర్చున్న చోటే అవ్వ నిలబడి ఉంది.

ఈ పొద్దు ఉత్తరం రాయడానికి కూర్చుంటే ఎదురుగా వచ్చి కూర్చుని, "ఆ మాట దానికి రాయి" అంది. నేను రాయనన్నాను. మజ్జిగ గిన్నె తీసి అవతల పెట్టింది. సరే, వేరే ఏదో రాసి సరిపెడదాం, అవ్వకు చదువు రాదు కదా అనుకున్నాను. కానీ నాకు రాసేటప్పుడు పెదాలు కదిపే అలవాటుందని నీకు తెలుసు. అవ్వ చూపు కాగితం మీద లేదు, నా నోటి మీద ఉంది. కాగితం పట్టించదని అన్నది నేనే. ఇంట్లో కాగితం ఒక్కటే లేదని మరిచిపోయాను.

కాబట్టి రాస్తున్నాను. మగ్గానికి నేను చెప్పింది ఇది:

"తల్లీ, ఇన్ని మగ్గాలు మోగతా ఉన్నా, ఆ పాప లేని ఇల్లు నాకు మూగగా ఉండాది. దాన్ని బాగా సదవనీ. సదివినాక యాడికన్నా పోనీ. అప్పుడప్పుడు మాత్రం ఈడికి తోలు."

అవ్వ తల ఊపి మజ్జిగ గిన్నె నా వైపు జరిపింది.

మామ,
మురుగేష్